వాషౌట్

నెల్నాళ్ళుగా గీజరు బొరుగులు వేయిస్తోంది.
స్విచ్చి వేస్తే చాలు, లోపల ఎవరో
కాలే ఇసుకలో గింజలు పోసి కలబెట్టే చప్పుడు.
నీళ్ళు చూస్తే గోరువెచ్చన.
కరెంటు బిల్లు చూస్తే సలసల.

పీరయ్యని పిలిచాను.
దొనకొండ స్టేషన్ రోడ్డులో
మిక్సీలకీ ఫ్యాన్లకీ మోటార్లకీ ఆయనే ఆరెంపీ.
బోల్టులు విప్పి, అడుగు మూత జారదీస్తూ
"సలోమమ్మా, బేసిన్ పట్టుకో" అన్నాడు.
పట్టుకున్నాను.
కోడిగుడ్డు పెంకుల్లా, విరిగిన సుద్దముక్కల్లా
జలజలా రాలింది మా బోరు.
ఆరు వందల ఇరవై అడుగుల కింద నించి
అప్పు చేసి పైకి తెచ్చుకున్న నీళ్ళు.
తాగినన్ని తాగి, పోసుకున్నన్ని పోసుకోగా
మిగిలిన ఎముకలు.

కాయిలు కనపళ్ళేదు.
చెదపుట్టలో కర్ర ఎక్కడుందో ఎట్టా తెలుస్తుంది?

పట్టాల అవతలి వీధులకి సాగరు నీళ్ళు.
ఇవతల మాకు ఇవి.
ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటే
ఉత్త సామెతే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఇదిగో, బేసిన్‌లో కిలోంబావుంది.

బకెట్ వేణ్ణీళ్ళలో నిమ్మఉప్పు కలిపి
కాయిల్ని ముంచాడు పీరయ్య.
బుసబుసమని నురగ లేచింది.
పుల్లగా, ఇనుపగా ఒక వాసన.
నాయన చొక్కా వాసన.

మా నాయన యేసోబు
ఇక్కడే లోకోషెడ్డులో వాషౌట్ ఖలాసీ.
పొగబండి చల్లారినాక దాని కడుపు కడగడం ఆయన పని.
బాయిలరు కంతల్లో కడ్డీ దూర్చి, నీటిగొట్టం పట్టి
గొట్టాలకంటిన రాయి రాలగొట్టేవాడు.
ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి.
"ఎవరే ఈ ముసలోడు?" అనేది అమ్మ గుమ్మంలో నిలబడి, మాతో.
రోజూ అదే మాట. రోజూ నవ్వేవాడు.
ఇప్పుడా షెడ్డు లేదు.
ఆ జాగాలో తుమ్మచెట్లు, వాటికింద మేకలు.

పొద్దు వాలేసరికి కాయిలు రాగిరంగు తేలింది.
పీరయ్య బిగించి, నీళ్ళు వదిలాడు.
టప్.
వాషరు మార్చాడు.
టప్.
టార్చి పెట్టి వెతికితే అడుగున ఆవగింజంత బెజ్జం.
ఎన్నేళ్ళదో!
తుప్పు తినేసిన చోట సున్నమే గడ్డకట్టి కూర్చుని
చుక్క కారనీకుండా కాపలా కాసింది.
దాన్నే మేం గీకి పారేశాం.

"కొన్నిటిని కదిలించకూడదమ్మా" అన్నాడు పీరయ్య,
తప్పు తనదైనట్టు తల గోక్కుంటూ.
"రాయి ఉన్నన్నాళ్ళూ ట్యాంకు ఉండేది."

షెడ్డులోనూ ఒకసారి ఇట్టాగే అయిందంట.
కడిగిన బాయిలరు కారిందంట.
నువ్వు కడక్కపోతే కారేది కాదు గదరా అని
ఫోర్‌మన్ నలుగురిలో అరిచాడంట.
"కారేది కాదయ్యా, పేలేది" అన్నాడంట నాయన.
నిజంగా అన్నాడో,
అనలేక ఇంటికొచ్చి మాతో అన్నాడో.
జీతం కోశారన్నది మాత్రం నిజం,
ఆ నెలంతా సంగటే తిన్నాం.

పీరయ్య రెండొందలు చాలన్నాడు. మూడొందలిచ్చాను.
"కొత్తది కొనేదాకా?" అన్నాడు చెప్పులేసుకుంటూ.
పెరట్లో కాగు చూపించాను.
దానడుగునా వేలిమందాన తెల్లటి పొర ఉంది.
ఆయనా చూశాడు, నేనూ చూశాను.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.

బేసిన్ తీసుకుపోయి గోడవార కుమ్మరించి
లోపలికొస్తుంటే అద్దంలో పడ్డాను.
బుగ్గల మీద, రెప్పల మీద, కనుబొమ్మల మీద పొడి.
"ఎవరే ఈ ముసల్ది?" అన్నాను పైకే.
నవ్వొచ్చింది.
కాసేపు అట్టాగే ఉంచుకుని,
చన్నీళ్ళతోనే కడుక్కున్నాను మొహం.